అల్లరి వెనుక అడగలేని మాట

గుజరాత్‌లో జూన్ వచ్చిందంటే శాలా ప్రవేశోత్సవం. 2003లో మొదలైన ఈ వేడుకలో మంత్రులు, అధికారులు ఊరూరా బడులకు వెళ్లి కొత్తగా చేరే పిల్లలకు స్వాగతం పలుకుతారు. బిడ్డను బడిలో చేర్చడం ఊరంతటికీ పండుగ కావాలన్న ఆలోచన నాకు నిజంగా నచ్చుతుంది. అయితే చేర్చుకున్న బిడ్డను ఎన్నాళ్లు నిలుపుకున్నామని అడిగే రోజు ఏడాదిలో ఒక్కటీ లేదు. మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లల విషయంలో అడగాల్సిన ప్రశ్న అదే. 2019లో యునెస్కో మన దేశంపై వెలువరించిన నివేదిక ప్రకారం, వైకల్యం ఉన్న ఐదేళ్ల పిల్లల్లో నలుగురికి ముగ్గురు ఏ విద్యాసంస్థ గడపా తొక్కడం లేదు. తొక్కినవారిలోనూ ఎందరి చదువో ‘కొరుకుతున్నాడు, తల బాదుకుంటున్నాడు, కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచుకోండి’ అన్న మాటతో ఆగిపోతుంది. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ 6 నుంచి 18 ఏళ్ల వరకు, దగ్గర్లోని బడిలోగానీ కోరుకున్న ప్రత్యేక బడిలోగానీ ఉచితంగా చదువుకునే హక్కును 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చింది. బుద్ధిగా కూర్చుంటేనే అన్న షరతు అందులో ఎక్కడా లేదు.

ఈ పిల్లల ప్రవర్తనను ఎలా దారిలో పెట్టాలో తెలియని కాలం ఎప్పుడో పోయింది. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఒక ముఖ్యమైన సంగతి తేల్చారు. పిల్లవాడు గొడవ చేసి ఏం సాధిస్తున్నాడో కనిపెట్టి, దాన్నే సూటిగా అడగడం నేర్పితే గొడవ తగ్గిపోతుంది. పని కష్టమై కేకలేసే బిడ్డకు ‘సాయం చెయ్యండి’ అనడం, ఎవరూ పట్టించుకోక వస్తువులు విసిరే బిడ్డకు ‘నేను చేసింది చూడండి’ అనడం నేర్పాలి. నోట మాట రాకపోతే సైగ, అదీ కుదరకపోతే బొమ్మ ఉన్న అట్టముక్క. మన దగ్గర ఈ పని మరీ ఆలస్యంగా ఏమీ మొదలవ్వలేదు. 1984లో సికింద్రాబాద్‌లో వెలసిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో రీటా పెషావారియా, ఎస్. వెంకటేశన్ 1992లో భారతీయ పిల్లల కోసమే ఒక ప్రవర్తనా కొలమానం తయారు చేశారు. అందులో రెండో భాగం మొత్తం సమస్యాత్మక ప్రవర్తనల గురించే: హింస, మంకుపట్టు, తనను తాను గాయపరచుకోవడం, భయాలు వంటి పది విభాగాల్లో 75 అంశాలు. టీచరు ముందుగా చేయాల్సింది గమనించడం: గొడవకు ముందు ఏం జరిగింది, తరువాత బిడ్డకు ఏం దక్కింది, రోజుకు ఎన్నిసార్లు. ఇదంతా రాసుకున్నాకే మంచి ప్రవర్తనను ప్రోత్సహించే ప్రణాళిక. ఆ ప్రోత్సాహానికీ ఓ పద్ధతి ఉంది. మెచ్చుకోలు అక్కడికక్కడే అందాలి, సాయంత్రం ఇస్తే బిడ్డకు దేనికిచ్చారో తెలియదు. ‘శెభాష్’ అని ఊరుకోకుండా ‘గ్లాసు నువ్వే తెచ్చుకున్నావు, శెభాష్’ అనాలి. బహుమానం ఆ బిడ్డకు ఇష్టమైనది కావాలి. ఒకరికి బెల్లం ముక్క, ఇంకొకరికి ఉయ్యాల, మరొకరికి రెండు నిమిషాలు ఒంటరిగా ఉండనివ్వడం.

ఇది లంచం కదా అంటారు కొందరు. ఆ మాటకు శాస్త్రం నుంచే సాక్ష్యం తెస్తారు కూడా. 1973లో మార్క్ లెప్పర్ బృందం జరిపిన ప్రయోగంలో, బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లలకు ముందే బహుమతి ఆశ చూపితే ఆ తరువాత వారి ఇష్టం తగ్గింది. నిజమే. అయితే అదే ప్రయోగంలో, ముందు చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల ఇష్టం తగ్గలేదు. పైగా అక్కడున్నది అప్పటికే ఇష్టంగా చేస్తున్న పని. చెప్పులు తొడుక్కోవడం, వరుసలో నిలబడడం ఇంకా చేతకాని బిడ్డకు తొలి మెట్టు ఎక్కే కారణం ఒకటి కావాలి. పని అలవాటయ్యే కొద్దీ బహుమానాన్ని పలచన చేస్తూ పోవాలన్నది ఈ పద్ధతిలోనే ఉంది. మరి నాలుగు తగిలిస్తే తొందరగా దారికొస్తాడనే వాళ్లకు జవాబు విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్. శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ అది నిషేధించింది. చట్టాన్ని పక్కన పెట్టి చూసినా, దెబ్బ ఆ బిడ్డకు ఏం చేయకూడదో చెబుతుందేమో గానీ నీళ్లు ఎలా అడగాలో నేర్పదు.

నన్ను ఎక్కువగా బాధించే విషయం ఇక్కడే మొదలవుతుంది. అడగడం నేర్పాలంటే, ఏ భాషలో? సూరత్‌లో తెలుగువాళ్లు తక్కువేమీ లేరు. కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి సాంచెల (మరమగ్గాల) మీద బతుకు వెతుక్కుంటూ వెళ్లిన కుటుంబాలు లింబాయత్, గోడాదరా, ఉధ్నా వాడల్లో తరాలుగా స్థిరపడ్డాయి. అక్కడి మునిసిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక బడులు నడుపుతోంది. దేశంలో ఇలాంటి నగరాలు వేళ్ల మీద లెక్కపెట్టగలం, ఆ గౌరవం సూరత్‌కు దక్కాలి. కానీ ఆ భాషా ఔదార్యం ప్రత్యేక బడి గేటు దగ్గరే ఆగిపోతుంది. లోపల వినబడేది ఎక్కువగా గుజరాతీ, కొంత హిందీ. మామూలు పిల్లవాడు ఆరు నెలల్లో వీధిలో ఆడుకుంటూ గుజరాతీ పట్టేస్తాడు. మాట ఆలస్యంగా వచ్చిన, వచ్చిన ఇరవై ముప్పై మాటలూ అమ్మ నోటినుంచే నేర్చిన బిడ్డకు అది సాధ్యమా? ‘సాలు’ అంటాడు, ఎదుటివారికి అర్థం కాదు. మళ్లీ అంటాడు. మూడోసారి పళ్లెం నేలకేస్తాడు. రిజిస్టరులో ‘వస్తువులు విసురుతాడు’ అని పడుతుంది. మంచి ప్రవర్తనకు నక్షత్రాలు అంటించే చార్టు ఆ గోడ మీదే ఉంటుంది. కానీ ఆ బిడ్డ మొదటి రెండుసార్లు చక్కగానే అడిగాడన్న సంగతి ఎవరి చార్టులోకీ ఎక్కదు. చక్కగా అడిగితే ఫలితం లేదు, విసిరితే ఉంది అని రోజూ అతనికి నేర్పుతున్నది బడే. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. వైకల్యం ఉన్న పిల్లలను మినహాయించమని అది అనలేదు.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు: ఒక భాషే కష్టమైన బిడ్డకు రెండెందుకు, బడి భాషనే ఇంట్లోనూ మాట్లాడమనండి. ఈ సలహా చాలా నష్టం చేసింది. డౌన్ సిండ్రోమ్ ఉన్న ద్విభాషా పిల్లలపై కెనడాలో ఎలిజబెత్ కే-రెయినింగ్ బర్డ్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆ పిల్లలకు అదనపు నష్టమేదీ కనబడలేదు. ఇంటి భాష మాన్పిస్తే మాత్రం నష్టం కళ్లెదుటే ఉంటుంది. సాంచెల మీద పన్నెండు గంటల పాళీ చేసి వచ్చిన తండ్రి, అరకొర గుజరాతీలో ఆ బిడ్డతో ఏం మాట్లాడతాడు? బడిలో నేర్పిన మంచి అలవాటు ఇంట్లోనూ అదే మాటతో, అదే మెచ్చుకోలుతో కొనసాగితేనే నిలుస్తుంది. ప్రతి భాషకూ ఒక ప్రత్యేక బడి పెట్టమని నేను అడగడం లేదు. చేర్చుకునే రోజే తల్లిని కూర్చోబెట్టి బిడ్డ వాడే మాటలన్నీ రాసుకోవడానికి, బొమ్మల అట్టల మీద గుజరాతీతో పాటు తెలుగు మాట రాయడానికి, తెలుగు వాడల నుంచి ఒక ఆయాను పనిలోకి తీసుకోవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

ఇదంతా చేయాల్సిన స్పెషల్ ఎడ్యుకేటర్ల సంగతి చూస్తే గుండె మండుతుంది. మామూలు బడుల్లో చదివే వైకల్యం ఉన్న పిల్లల్లో ఎందరికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలో ప్రమాణాలు ప్రకటించాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో కేంద్రానికి చెప్పింది. ప్రాథమిక దశలో పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ఉండాలని కేంద్రం 2022లో ఖరారు చేసింది. 2025 మార్చిలో అదే కోర్టు, పోస్టులనైనా ప్రకటించండని రాష్ట్రాలన్నిటికీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ వాటిలో ఉన్నవే. గుజరాత్‌ను వేలెత్తి చూపే ముందు హైదరాబాద్, అమరావతి తమ వంతు జవాబు చెప్పాలి. ఏటికేడు కాంట్రాక్టు పొడిగింపు కోసం ఎదురుచూసే టీచరును, ఒక బిడ్డ అలవాటు మారేదాకా నెలల తరబడి ఓపికగా రాసుకోమని ఏ ముఖంతో అడుగుతాం?

సూరత్ తెలుగు సంఘాలతోనూ ఒక మాట. బతుకమ్మనూ, మార్కండేయ జయంతినీ పరాయి రాష్ట్రంలో ఇంత ఘనంగా నిలుపుకున్నవారికి ఈ పని బరువు కాదు. బతుకమ్మ పేర్చే రోజులు వచ్చేలోగా వాడవాడా తిరిగి, ఇలాంటి పిల్లలు ఎందరున్నారో, ఎవరు ఏ బడికి వెళ్తున్నారో, ఎవరిని ఎప్పుడు ఇంటికి పంపేశారో జాబితా రాయండి. ఆ తల్లులనే వెంటబెట్టుకుని వెళ్లి, కార్పొరేషన్ బడులను చూసే నగర ప్రాథమిక శిక్షణ సమితి అధికారుల బల్ల మీద దాన్ని పెట్టండి.