సంతకం ఎవరిది? జవాబు ఎవరిది?

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా హాస్టలుకు ప్రభుత్వ సర్వే వాళ్లు వచ్చారు. ఫారం మీద పేరు, రోల్ నెంబరు రాయమన్నారు. కింద ప్రశ్నలు: "మీ ఇంట్లో ఎవరైనా తాగుతారా? కొడతారా?" నా పక్క కుర్రాడు నిజం రాశాడు. కాగితాలు పోగుచేసిన మాస్టారు ఊరుకోక చదివారు. రాత్రి భోజనాల బెల్లు కొట్టేసరికి వాళ్ల నాన్న సంగతి హాస్టలంతా తెలిసిపోయింది. వాడు ఆ పూట అన్నం ముట్టలేదు.

మా అమ్మానాన్నల్ని ఎవరూ అడగలేదు. అందరి తరఫునా వార్డెనుగారే ఒక సంతకం గీకేశారు.

ఇది మా ఒక్క హాస్టలు గొడవే అయితే ఇక్కడ రాయను. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సరు టీకా ప్రాజెక్టు జరిగింది. అది సర్వే కాదు గాని, అనుమతి కథ మాత్రం ఇదే. 2013 నాటి పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో ఉంది: మన రాష్ట్రపు 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద వార్డెన్లే సంతకాలు పెట్టారు. 1,948 మీద వేలిముద్రలు. ఆ తల్లులకు పత్రం చదివి వినిపించిందెవరు?

అలాగని "పెద్దల సంతకం లేనిదే పిల్లల్ని ఏదీ అడగొద్దు" అనే వాదనా నాకు రుచించదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల నుంచి 12,447 మంది పిల్లలు మాట్లాడారు. 53.22 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్నారు. వేధించినవాళ్లలో సగం మంది తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. ప్రతి ఫారాన్నీ ముందు ఇంటిపెద్ద చేతికిస్తే ఈ నిజం గడప దాటేదా?

2023 నాటి డేటా రక్షణ చట్టం పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలంది. పరిశోధనకు, గణాంకాలకు మాత్రం కొన్ని షరతులతో మినహాయింపు ఇచ్చింది. అంటే చివరికి భారమంతా అడిగేవాడి మనస్సాక్షి మీదే.

నా మట్టుకు నేను కోరేది ఇంతే. ఇంటికి ముందుగా తెలుగులో ఉత్తరం వెళ్లాలి. వార్డెను సంతకం చెల్లకూడదు. ఇంటి హింస గురించి అడిగేటప్పుడు పేరు వద్దు, నెంబరు వద్దు. జవాబు అంటించిన కవరులో వెళ్లాలి. సాయం కోరిన పిల్లకు చేయందించే మనిషి అక్కడే ఉండాలి. అన్నిటికీ మించి, పిల్లవాడు "చెప్పను" అంటే అదే ఆఖరి మాట కావాలి.

మిత్రులారా! రేపు ప్రాజెక్టు పనంటూ ఇవే ఫారాలు పట్టుకుని బడులకు వెళ్లేది మనమే. ఆ రాత్రి అన్నం మానేసిన కుర్రాణ్ణి అప్పుడు ఒక్కసారి తలుచుకుందాం.