ఆర్ఎక్స్-7ని చంపింది పొగ కాదు

మన హాస్టల్‌లో ఏ ఫ్లోర్‌కి వెళ్లినా ఒక్క లాప్‌టాప్ మీదైనా మాజ్డా ఆర్ఎక్స్-7 వాల్‌పేపర్ కనిపిస్తుంది. దాన్ని ‘ఇనీషియల్ డీ’లోనో, ‘టోక్యో డ్రిఫ్ట్’లోనో, ఏదో ఒక రేసింగ్ గేమ్‌లోనో చూసి మనసు పారేసుకున్నవాళ్లే అంతా. రోడ్డు మీద చూశానన్నవాడు నాకింతవరకు తగల్లేదు, నేనూ చూడలేదు. ఆ కారు ఎందుకు ఆగిపోయిందని అడిగితే మాత్రం అందరి దగ్గరా ఒకటే జవాబు: “ఎమిషన్ రూల్స్ వచ్చాయి బ్రో, ఆపేశారు.”

ఈ జవాబు నాకు నచ్చదు. అబద్ధమని కాదు, అందులో కారు తయారుచేసినవాళ్ల తప్పు ఏమీ లేకుండా పోతుంది కాబట్టి.

తేదీలు చూస్తే ఆ కథ సరిగ్గానే అతుకుతుంది. జపాన్‌లో కొత్త ఉద్గార నిబంధనల గడువు ముంచుకొచ్చేసరికి, 2002 ఆగస్టులో ఆర్ఎక్స్-7 ఆగిపోయింది. టయోటా సుప్రా, నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, సిల్వియా కూడా అప్పుడే పోయాయి. అయితే మరుసటి ఏడాదే, అంటే 2003లో, అదే మాజ్డా అదే రోటరీ ఇంజిన్‌తో ఆర్ఎక్స్-8 తెచ్చింది కదా! ఎగ్జాస్ట్ పోర్టుల్ని రోటర్ చుట్టూ ఉండే హౌసింగ్ నుంచి పక్క గోడల్లోకి మార్చారు, టర్బోలు తీసేశారు, నిబంధనలు దాటేశారు. అంటే దారి లేక కాదు. ఆర్ఎక్స్-7 కోసం ఆ ఖర్చు పెట్టడానికి తగిన అమ్మకాలు లేవు.

ఎంత లేవో చూడండి. 1978లో మొదలైన మొదటి తరం 1985 దాకా 4,71,018 కార్లు తయారైంది. రెండో తరం 2,72,027. మూడోది, మన వాల్‌పేపర్ కారు, అందరూ ఎఫ్‌డీ అని పిలిచేది, పదేళ్లకు పైగా బతికి 68,589 దగ్గర ఆగిపోయింది. మొదటి తరం సగటున ఏడాదికి 60 వేలు దాటింది. ఎఫ్‌డీ జీవితకాలమంతా కలిపినా అన్నగారి ఒక్క ఏడాది కంటే కాస్త ఎక్కువ, అంతే.

ఇక ధర. 1978లో అమెరికాలో ఆర్ఎక్స్-7 సుమారు 7 వేల డాలర్లు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు కాస్త కష్టపడితే కొనగలిగే కారు. తేలికగా ఉంటుంది, సరదాగా తిరుగుతుంది, జేబుకి చిల్లు పెట్టదు. 1993 మోడల్‌గా ఎఫ్‌డీ అక్కడికి వచ్చేసరికి ధర 32 వేల డాలర్లు దాటింది. ఆ పదిహేనేళ్లలో అమెరికాలో మామూలు ధరలు రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ పెరిగితే, ఈ కారు ధర నాలుగు రెట్లు దాటిందన్నమాట.

ఇందులో కొంత పాపం యెన్‌ది. 1985 సెప్టెంబరులో ప్లాజా ఒప్పందం జరగకముందు డాలరుకి దాదాపు 240 యెన్లు వచ్చేవి. 1995 వసంతానికి అది 80 దగ్గరికి పడిపోయింది. జపాన్‌లో 30 లక్షల యెన్లు ఖరీదు చేసే కారు ఒకటుందనుకుందాం. 240 లెక్కన అది 12,500 డాలర్లు, 80 లెక్కన 37,500. కారులో ఒక్క బోల్టు మారలేదు, కొనేవాడు మాత్రం మారిపోవాలి. దీనికి ఇంజినీర్లేం చేస్తారు అంటారా? నిజమే. స్పోర్ట్స్ కార్ల బీమా భారం, జపాన్‌లో బుడగ పగిలాక వచ్చిన మాంద్యం, జనం మినీవ్యాన్లూ ఎస్‌యూవీల వైపు మళ్లడం, ఇవీ వాళ్ల చేతిలో లేవు. అదే అమెరికాలో నిస్సాన్ 300జెడ్‌ఎక్స్ 1996లో, సుప్రా 1998లో సర్దుకున్నాయి. కానీ ఆర్ఎక్స్-7 అందరికంటే ముందే, 1995తోనే అక్కడ మూటాముల్లె కట్టింది. ఆ తేడా ఎక్కడిదంటే, నా ఉద్దేశంలో, బానెట్ కింద ఉంది.

రోటరీ ఇంజిన్ అందం థర్మల్ క్లాసులో బొమ్మ గీసినప్పుడే తెలుస్తుంది. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. మూడు మూలలున్న రోటర్ ఒకటి హౌసింగ్‌లో గిరగిరా తిరుగుతూ ఉంటుంది. 1,308 సీసీల చిన్న ఇంజిన్ నుంచి 255 హార్స్‌పవర్ లాగారంటే దండం పెట్టాల్సిందే. కానీ అదే బొమ్మలో రోగమూ కనిపిస్తుంది. దహనం జరిగే గది గుండ్రంగా, బిగువుగా ఉండదు, పొడుగ్గా పల్చగా సాగి ఉంటుంది. ఘనపరిమాణానికి ఉపరితలం ఎక్కువ, కాబట్టి వేడి గోడల్లోకి పోతుంది, కొంత పెట్రోలు కాలకుండానే బయటికి వెళ్తుంది. రోటర్ మూలల్లో ఉండే అపెక్స్ సీళ్లు అరిగిపోకుండా ఇంజిన్ కావాలనే కొంచెం ఆయిల్ లోపలికి చిమ్ముతుంది, అదీ కాలుతుంది. (మన ఇళ్లల్లో ‘ఆర్ఎక్స్’ అంటే గుర్తొచ్చే యమహా ఆర్ఎక్స్ 100 కూడా ఆయిల్ తాగేది, కాకపోతే అది టూ-స్ట్రోక్.)

ఇంతవరకు రోటరీ పుట్టుకతో వచ్చిన లోపాలు, క్షమించొచ్చు. వాటి మీద ఎఫ్‌డీలో రెండు టర్బోలు పెట్టారు. రెండూ ఒకేసారి మొదలుకావు. తక్కువ వేగంలో ఒకటే, 4,500 ఆర్‌పీఎం దగ్గర రెండోది కూడా తోడవుతుంది. ఈ చేతులు మారే పనంతా వ్యాక్యూమ్ గొట్టాలు, సోలినాయిడ్లు చూసుకుంటాయి. రోటరీ అసలే కొలిమి. ఆ వేడికి రబ్బరు గొట్టాలు పెళుసెక్కుతాయి. ఒక్కటి చీలినా బూస్ట్ తప్పుతుంది, ఏది చీలిందో వెతకాలంటే మెకానిక్‌కి పూట గడిచిపోతుంది. అభిమానులే ఆ గొట్టాల చిక్కుకి ఎలుక గూడు అని పేరు పెట్టుకున్నారు. ఆ ధరకి కారు కొన్నవాడు వారాంతంలో ఎలుక గూడు విప్పుకుంటూ ఎందుకు కూర్చోవాలి?

‘కొనేవాళ్లకి టేస్ట్ లేదు’ అంటాడు మా వింగ్‌లో ఒకడు. వాడికి నా జవాబు ఎంఎక్స్-5. కంపెనీ అదే, దాదాపు కాలమూ అదే. 1989లో వచ్చిన ఈ చిన్న ఓపెన్-టాప్ కారులో మామూలు నాలుగు సిలిండర్ల ఇంజిన్, అమెరికాలో 14 వేల డాలర్ల లోపు ధర. మొదటి ఆర్ఎక్స్-7 వంటకాన్నే సులువు చేసి వడ్డించినట్టు ఉంటుంది. 2016లో పది లక్షల కారు తయారైంది, ఇవాళ్టికీ హిరోషిమాలో తయారవుతూనే ఉంది. టేస్ట్ లేనివాళ్లు అన్నేళ్లు దాన్ని ఎలా కొన్నారు?

1991లో మాజ్డా 787బీ నాలుగు రోటర్ల ఇంజిన్‌తో లే మాన్స్ గెలిచింది. ఒక జపాన్ కంపెనీ అక్కడ గెలవడం అదే మొదటిసారి. ఆ ఏడాది చివర్లోనే ఎఫ్‌డీ బయటికొచ్చింది. ఆ ఊపులో ఉన్న ఇంజినీర్లకి ‘కొంచెం తగ్గండి’ అని చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది? వాళ్ల స్థానంలో నేనున్నా రెండు టర్బోలే పెట్టేవాణ్ణేమో. మన మినీ ప్రాజెక్టుల్లో కూడా అవసరం లేని సెన్సర్ ఇంకోటి తగిలించి, రివ్యూలో అది పని చేయకపోతే వైరింగ్‌ని తిట్టుకునేవాళ్లం మనమే కదా.

చివరగా 1,500 కార్లు ‘స్పిరిట్ ఆర్’ పేరుతో చేసి ఆర్ఎక్స్-7 లైను మూసేశారు. ఆర్ఎక్స్-8 కూడా 2012లో ఆగింది. రోటరీ 2023లో మళ్లీ వచ్చింది, ఎంఎక్స్-30 అనే కారులో. ఒక్కటే రోటరు, చక్రాలతో సంబంధం లేదు, బ్యాటరీకి కరెంటు తయారుచేసే జనరేటర్‌గా ఓ మూల కూర్చుంటుంది. ఎంతో కొంత ఒకే వేగంలో తిరిగే ఆ పని దానికి సరిపోతుందనే నాకు అనిపిస్తోంది. మా వింగ్‌వాడికి మాత్రం ఇది అవమానంలా ఉందట, వచ్చే సంచికలో జవాబు రాస్తానంటున్నాడు.