దూడకున్న జాగ్రత్త బిడ్డకు లేదా?



దూడ పుట్టిన కొద్ది దినములకే నట్టల మందు త్రాగింతుము. అది మేత మానినచో పశువైద్యశాలకు పరుగెత్తుదుము. అదే వాకిట ఆడుకొను బిడ్డ పాలిపోయి, పొట్ట ఉబ్బి, చదువుపై ధ్యాస లేక కూర్చున్నచో దిష్టి తగిలినదని ఊరకుందుము. ఇది న్యాయమా?

కావలి మొదలు కృష్ణపట్నము వరకు మన తీర గ్రామములలో చాలవరకు ఇసుక నేలలే. నీరు కొద్ది లోతులోనే తగులును. అందువలననే మన పెద్దలు దొరువులు త్రవ్వి, కడవలతో నీరు ముంచి నారుమళ్లు, కూరగాయలు పెంచిరి. ఈ నేల మనకు వరము. కాని పైన పడిన మలినమును కూడ ఇసుక త్వరగా లోనికి దింపును. అక్టోబరు నుండి డిసెంబరు వరకు వానలకు నీటిమట్టము ఇంకను పైకి వచ్చును. అప్పుడు మరుగుదొడ్డి గుంటలోని మురుగు ప్రక్కనున్న దొరువులోనికి, చేతిపంపులోనికి చేరవచ్చును. ఆ నీరు త్రాగిన పసివారికి విరేచనములు పట్టుకొనును.

ఇసుకలో మరియొక శత్రువు కలదు. అది కొంకిపురుగు. ఆరుబయట మలము పడినచో, తేమగల ఇసుకలో దాని గ్రుడ్లు పొదిగి, కంటికానని పిల్లపురుగులు బయలుదేరును. అవి చెప్పులు లేని పాదముల చర్మమును తొలుచుకొని దేహములో ప్రవేశించి, తుదకు ప్రేగులలో చేరి రక్తము పీల్చును. బిడ్డ పాలిపోవుటకు ఇదియొక కారణము.

చంటిబిడ్డ మలమునకు దోషము లేదని చాలమంది తలంతురు. దానిని దిబ్బపై పారవేయుదురు. ఇది పొరపాటు. పెద్దల మలమువలెనే అదియు రోగములను వ్యాపింపజేయును. దానిని మరుగుదొడ్డిలోనే వేయవలెను. పిమ్మట తల్లి సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. అన్నము పెట్టుటకు ముందును అట్లే చేయవలెను.

2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ ఉద్యమము ఆరంభమైన పిమ్మట మన ఊళ్లలో మరుగుదొడ్లు పెరిగినవి. కాని గుంట త్వరగా నిండునను భయముతో కొందరు వాటిని వాడుట లేదు. రెండు గుంటల పద్ధతిలో ఈ భయము అక్కరలేదు. ఒకటి నిండగానే మూసి రెండవది వాడవలెను. మూసినది రెండు సంవత్సరములు కదలింపకున్నచో వాసన లేని మంచి ఎరువగును. ఎరువు విలువ రైతుకు వేరుగ చెప్పవలెనా?

అయితే నీటి బావికి, దొరువుకు గుంట కనీసము 10 మీటర్ల దూరమున ఉండవలెను. ఇసుక నేలలో ఇంకను ఎక్కువ దూరమున్న మేలు. నీరు పైననున్న చోట గుంట లోతు తగ్గించి, నేలకన్న ఎత్తుగా లేపి, చుట్టును మట్టికట్ట వేయవలెను.

గ్రామోద్యోగులకు ఒక మనవి. ఎన్ని మరుగుదొడ్లు కట్టితిమని కాక, ఎందరు వాడుచున్నారని లెక్క వ్రాయుడు. వానల పిమ్మట త్రాగునీటి బావులలో 1,000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున మంచి బ్లీచింగు పొడిని కలిపించి, ఒక గంట గడచిన తరువాతనే నీరు తోడనిండు. 2015 నుండి ఫిబ్రవరి 10న నులిపురుగుల నివారణ దినము జరుగుచున్నది. అంగన్‌వాడీలలో, బడులలో 1 నుండి 19 ఏండ్లవారికి ఆల్బెండజోల్ మాత్రలు ఉచితముగా ఇత్తురు. రెండేండ్ల లోపువారికి అర మాత్ర చాలును. బడికి రాని పిల్లలు, వలస కూలీల పిల్లలు తప్పిపోకుండ చూడుడు.

అయినను మాత్ర ఒక్కటే చాలదు. పురుగు పోయిన బిడ్డ మరల అదే మురికి ఇసుకలో నడచినచో పురుగు మరల చేరును.

పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. పారిశుధ్యము లేనిదే స్వరాజ్యము పూర్తికాదని ఎంచిన ఆయన అడుగుపెట్టిన సీమ మనది. రేపు ఉదయము పొలమునకు పోవుటకు ముందు, మీ మరుగుదొడ్డి గుంట నుండి దొరువుకు ఎంత దూరమో కొలిచి చూడుడు. బిడ్డ ఆరోగ్యమునకు అదియే తొలి అడుగు.