ఏడుగురికి అండ.. ఒకరికి పట్టు

ఎన్నికల నగారా మోగిన ప్రతిసారీ పార్టీ శ్రేణులలో ఒక ప్రశ్న వినవస్తుంది. ఎంపీ అభ్యర్థి తన పరిధిలోని శాసనసభ అభ్యర్థుల ప్రచార భారాన్ని ఎంతవరకు పంచుకుంటారు? ప్రచార రథాలు, జెండాలు, కరపత్రాలు, సభలకు జనసమీకరణ, పోలింగ్ ఏజెంట్ల భత్యం.. వీటిని సమకూర్చిన వారి మాటకే రేపు విలువ ఉంటుందన్నది నేతలందరూ ఎరిగిన లెక్క.

ఆంధ్రప్రదేశ్‌లో 25 లోక్‌సభ, 175 శాసనసభ స్థానాలున్నాయి. అంటే ఒక్కో ఎంపీ స్థానం పరిధిలో ఏడేసి అసెంబ్లీ సెగ్మెంట్లు. 2019లోను, 2024లోను రెండింటికీ ఒకే రోజున పోలింగ్ జరిగింది. ఓటరును కేంద్రానికి రప్పించేది అసెంబ్లీ అభ్యర్థి కార్యకర్తలే. ఆ యంత్రాంగం ఎంపీ అభ్యర్థికి అవసరం. ఆయన ఆర్థిక బలం వీరికి అవసరం. పారిశ్రామికవేత్తలు, గుత్తేదారుల వైపు పార్టీలు మొగ్గు చూపడానికి ఇదొక ముఖ్య కారణం.

పొరుగునున్న తెలంగాణలో పరిస్థితి వేరు. 2018లో శాసనసభ ముందుగా రద్దు కావడంతో రెండు ఎన్నికలూ విడిపోయాయి. 2023 నవంబరులో శాసనసభకు, 2024 మేలో లోక్‌సభకు పోలింగ్ జరిగింది. ఎంపీ అభ్యర్థి రంగంలోకి దిగేనాటికి ఎమ్మెల్యేలు గెలిచి ఉన్నారు. అక్కడ బేరంలో పైచేయి ఎమ్మెల్యేలదే.

లెక్కల్లో కనిపించేదెంత?

2022లో సవరించిన పరిమితి మేరకు 2024లో లోక్‌సభ అభ్యర్థి రూ.95 లక్షలు, శాసనసభ అభ్యర్థి రూ.40 లక్షలకు మించి వ్యయం చేయరాదు. ఎనిమిది మందికీ కలిపి రూ.3.75 కోట్లు. ఉమ్మడి సభల ఖర్చును అభ్యర్థుల ఖాతాలకు విభజించాలి. అయితే పార్టీ చేసే సాధారణ ప్రచార వ్యయానికి పరిమితి లేదు. రసీదు లేకుండా చేతులు మారే సొమ్ము ఏ ఖాతాలోనూ చేరదు.

గెలిచాక ఈ రుణం పలు రూపాల్లో తీరుతుంది. మార్కెట్ కమిటీలు, దేవాలయ పాలకమండళ్ల పదవులకు ఎవరి పేర్లు పంపాలన్న దగ్గర ఎంపీ మాట చెల్లుతుంది. ఏటా రూ.5 కోట్ల ఎంపీ నిధుల పనులు ఏ మండలానికి దక్కాలన్నదీ ఆయన సిఫారసుపైనే ఆధారపడి ఉంటుంది. నలుగురైదుగురు ఎమ్మెల్యేలు వెంట ఉంటే అధిష్ఠానం వద్ద ఆయన బలం పెరుగుతుంది. సాయం పొందిన ఎమ్మెల్యే ఆయన అనుయాయుల పనుల నాణ్యతను ప్రశ్నించడానికి వెనుకాడతారు. ఇరవై ఏళ్లు జెండా మోసిన కార్యకర్తకు టికెట్టు అందని పండే అవుతుంది.

ఈ బంధాన్ని కొంతైనా పరిశీలించే వీలు ఓటరుకు చట్టం కల్పించింది. ఫలితం వెలువడిన 30 రోజులలోగా అభ్యర్థి తన వ్యయం లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి సమర్పించాలి. నామమాత్రపు రుసుముతో ఎవరైనా దానిని చూడవచ్చు. ఎంపీ లెక్కను, ఏడుగురి లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే, మన ఊరిలో జరిగిన సభ ఎవరి ఖాతాలోకి చేరిందో, అసలు చేరిందో లేదో తేలిపోతుంది.