ఇన్వర్టరు బ్యాటరీకి నీళ్ళు పోశారా?

ఈ నెల ఇన్వర్టరు బ్యాటరీల సంగతి వ్రాయమని మన సభ్యులలో ఇద్దరు ముగ్గురు అడిగారు. నాకూ వ్రాయాలనే వుంది. ఎందుకంటే ఈ విషయంలో నేను సొంతంగా దెబ్బ తిన్నదాన్ని.

2012లో చెన్నైలో రోజుకు రెండు గంటలు కరెంటు కోత వుండేది గుర్తుందా? జిల్లాలలో వున్న మనవాళ్ళు అంతకంటే చాలా ఎక్కువే పడ్డారు. ఆ రోజులలోనే మేమూ ఒక ఇన్వర్టరు కొన్నాం. తరువాత కోతలు తగ్గాయి. బ్యాటరీ మెట్ల కింద ఓ మూల పడి వుంది. దాని మీద పాత పత్రికలు, ఆ పత్రికల మీద గొడుగులు! పని లేదు గనుక అరగదని మా ఇంటిల్లిపాదీ అనుకున్నాం.

2016 డిసెంబరు 12, సోమవారం నాడు వర్ధా తుఫాను వచ్చింది. మా వీధిలో చెట్లన్నీ నేలకొరిగాయి, కరెంటు పోయింది. మా అత్తగారికి ఉబ్బసం. రాత్రి ఎనిమిదింటికి ఆయాసం ఎక్కువైతే, మందు ఆవిరి పట్టే యంత్రం పెట్టాం. ఇరవై నిమిషాలకు ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగిపోయింది. ఆ గాలివానలో ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, మా వారూ పక్కింటి అబ్బాయీ మూడో అంతస్తుకు మోసుకుపోయారు. ఆ ఇంటివారి ఇన్వర్టరు పనిచేస్తోంది గనుక గండం గడిచింది. తరువాత మనిషిని పిలిపించి మూతలు తీయిస్తే లోపల పలకలు సగానికి పైగా ఎండిపోయి వున్నాయి. ఏడాదిన్నరగా ఎవరమూ ఒక్క చుక్క పోయలేదు.

ఇంతకూ బ్యాటరీలో ఏముంది? సీసపు పలకలు, నీళ్ళు కలిపిన గంధకామ్లం. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే అనే ఆయన కనిపెట్టినప్పటి నుంచీ మూలసూత్రం అదే. కరెంటు వున్నంతసేపూ ఇన్వర్టరు దానికి చార్జి ఇస్తూనే వుంటుంది. ఆ చార్జికి లోపలి నీరు కొద్దికొద్దిగా వాయువులై పోతుంది. వాడకపోయినా తగ్గుతుందంటే కారణం ఇదే. పోయేది నీరే, ఆమ్లం అక్కడే వుంటుంది. కాబట్టి మళ్ళీ పోయవలసిందీ నీరే. ఆసిడ్ పోస్తే బలం వస్తుందని చెప్పేవారి మాట వినకండి, పలకలు తినేస్తుంది.

నీళ్ళంటే డిస్టిల్డ్ వాటరే. మన బోరు నీళ్ళు బిందెకే తెల్లని పొర కట్టిస్తాయి గదా, బ్యాటరీని వూరికే వదులుతాయా? మా వారొకసారి వంటింటి ఫిల్టరు నీళ్ళు పోయబోయారు, తాగే నీళ్ళు మంచివే గదా అని! అందులోనూ లవణాలు వుంటాయి. వద్దు.

నెలకోసారి చూడండి. 12 వోల్టుల బ్యాటరీకి ఆరు గదులుంటాయి, ఒక్కొక్క దానికీ మూత, చాలావాటికి లోపలి మట్టం చూపే తేలుడు పుల్ల. గుర్తు దాటకుండా పోయాలి. పూర్తిగా చార్జి అయిన తరువాత పోయడం మంచిది, చార్జి అయ్యేటప్పుడు మట్టం పైకి పొంగుతుంది. పలకలే బయటపడి వుంటే మాత్రం ముందు అవి మునిగేటంత పోసి, చార్జి చేసి, ఆపైన గుర్తు దాకా నింపాలి.

ముందు ఇన్వర్టరు ఆపి ప్లగ్గు తీయండి. చేతి గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. బంగారు గాజు రెండు ధ్రువాలకూ తగిలిందా, చెయ్యి కాలిపోతుంది. కళ్ళకు అద్దాలు, చేతికి రబ్బరు తొడుగులు వుండాలి. ఆసిడ్ చిందితే వెంటనే ధారాళంగా నీళ్ళతో కడగాలి, కంట్లో పడితే కడిగి డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. చార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది గనుక అగరువత్తి, దీపం దగ్గరకు రానీయకండి. స్థలం చాలక పూజగదిలోనే బ్యాటరీ పెట్టుకున్న ఇళ్ళు నేను చూశాను! కుళ్ళిన గుడ్ల వాసన వచ్చినా, డొక్క ఉబ్బినా వెంటనే ఆపి, కిటికీలు తెరిచి, మెకానిక్కును పిలవాలి.

ధ్రువాల మీద తెల్లగా, పచ్చగా పూత పూస్తే, మూతలన్నీ బిగించి, వంటసోడా కలిపిన నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరాక వేజలీను రాయండి.

వేడి దీనికి పరమశత్రువు. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందంటారు. అరవవారు అగ్నినక్షత్రం అనే ఆ మే నెల రోజులలో ఎండ పడే బాల్కనీలో పెట్టడం పాపం. నాలుగు వైపులా గాలి ఆడనివ్వండి. (గొడుగులకు వేరే చోటు చూడండి.)

ఇక వాడకం. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో లెక్క ప్రకారం 1800 వాట్ అవర్ల శక్తి. సగానికి మించి తోడకుంటే అది ఎక్కువ కాలం మన్నుతుంది. ఇన్వర్టరు తినేది పోగా మనకు దక్కేది ఏడు వందల చిల్లర. పాత ఫ్యాన్లు రెండు, చిన్న దీపాలు నాలుగు వేస్తే నాలుగు గంటలు కూడా కష్టమే. 30 వాట్ల కొత్తరకం ఫ్యాన్లయితే ఏడు గంటలు వస్తుంది. ఫ్రిజ్జి, గ్రైండరు దాని జోలికి తేవద్దు. కోతలు లేని నెలలలో ఒకసారి మెయిను ఆపి ఓ గంట ఇన్వర్టరు మీదే నడపండి. దాని సత్తా ఎంతో తుఫానుకు ముందే తెలుస్తుంది. కరెంటు రాగానే పూర్తిగా చార్జి కానివ్వండి, ఖాళీగా వదిలేస్తే పలకల మీద గట్టి పొర పేరుకుంటుంది.

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళేవారు నీళ్ళు నింపి, చార్జి చేసి, తీగలు విప్పించి వెళ్ళండి. రెండు మూడు నెలలు దాటితే ఎవరిచేతనైనా మధ్యలో ఒకరోజు చార్జి పెట్టించండి.

పాత బ్యాటరీని వీధిలో ఇనుపసామాన్లవాడికి వేయకండి. పగలగొట్టి, ఆసిడ్ కాలువలో పోసి సీసం కరిగిస్తారు. ఆ పొగ చుట్టుపక్కల పసిపిల్లలకు విషం. కొత్తది కొన్న కొట్టులోనే ఇస్తే ధరలో కొంత తగ్గిస్తారు. 2022 నాటి నిబంధనల ప్రకారం పాతవాటిని చేర్చుకునే బాధ్యత తయారీదారులదే.

ఏ కంపెనీది కొనాలని మా చెల్లెలు అడిగింది. తిరుపతి దగ్గర కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడుగారు 1985లో స్థాపించిన సంస్థ మనవాళ్ళదే గదా అంది. కొనుక్కో తల్లీ, కానీ నీళ్ళు పోయడానికి నాయుడుగారు రారు అన్నాను.

మా ఇంట్లో ఇప్పుడు అమావాస్య నాడు మూతలు తీసి చూస్తాం. తెలుగువాళ్ళు అమావాస్యనాడు ఈ పనేమిటని మొదట్లో మా అత్తగారు సణిగారు. అరవనాట అది మంచిరోజేనని నచ్చజెప్పాం. ఇప్పుడు ముందురోజు సాయంత్రమే ఆవిడ డిస్టిల్డ్ వాటర్ సీసా తీసి మెట్ల దగ్గర పెడతారు.