మోటారు గది తాళం

కిందటి మే నెలలో ఒకరోజు పొద్దున్నే మా అపార్ట్‌మెంట్‌లో నీళ్లు ఆగిపోయాయి. మోటారు బాగానే ఉంది. మోటారు గది తాళంచెవే లేదు. అది సెక్రటరీగారి దగ్గరుంది. ఆయనేమో పెళ్ళికని రాజమండ్రి వెళ్ళారు, ఫోన్ ఎత్తడం లేదు. నలభై ఇళ్లవాళ్లం బకెట్లు పట్టుకుని పైకీ కిందకీ తిరిగాం. మధ్యాహ్నానికి తాళం పగలగొట్టించాం. ఆ చిరాకులో నేను వాట్సాప్ గ్రూపులో, "చెయ్యలేనప్పుడు పదవి ఎందుకండీ?" అని పెట్టేశాను.

ఆయన ఆరేళ్లుగా పైసా తీసుకోకుండా ఈ పని చేస్తున్నారు. ప్రతి ఏడాదీ మీటింగులో "ఇంకెవరైనా తీసుకోండి బాబూ" అని అడుగుతారు. అప్పుడు నాతో సహా అందరం చెప్పులు వెతుక్కుంటాం. అవేవీ ఆ పూట నాకు గుర్తురాలేదు.

నాలుగు రోజులకి గుర్తొచ్చాయి. ఎలాగో చెబుతాను.

ఉద్యోగం కాకుండా నాకింకో పని ఉంది. పాత డీటీపీ ఫైళ్లు ఫోనులో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తాయి చూడండి, వాటిని యూనికోడ్ తెలుగులోకి మార్చే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి మేం ముగ్గురం నడుపుతున్నాం. ఓపెన్ సోర్స్. అంటే వండి వడ్డించడమే కాదు, ఎలా వండామో కూడా రాసి పెడతాం. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. జీతం లేదు. ముగ్గురం అన్నమాటే గానీ, కొత్త వెర్షన్ విడుదల చెయ్యడానికి కావలసిన పాస్‌వర్డ్ నా ఒక్కదాని దగ్గరే ఉండేది.

ఫిబ్రవరిలో అమ్మకి ఆపరేషన్ అయింది. మూడు నెలలు నేను అటు చూడలేదు. ఆఖరి వెర్షన్‌లో కొన్ని ఒత్తులు తప్పు పడుతున్నాయి. మాలో ఒకతను మర్నాడే సరిచేశాడు, కానీ విడుదల చెయ్యడానికి తాళం లేదు. అమ్మకి బాగాలేదని తెలిసి నన్ను అడగడానికి మొహమాటపడ్డాడు. ఈలోగా ఒక చిన్న ప్రెస్సాయన ఆ తప్పుల వెర్షన్‌తోనే ఓ పుస్తకం మొత్తం మార్చేసి, ప్రూఫులు దిద్దేటప్పుడు చూసుకున్నారు. "చూసుకోలేనప్పుడు ఎందుకు పెట్టారు మేడమ్?" అని మెయిల్ రాశారు.

వాట్సాప్‌లో నేను పెట్టిన మాటకీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. అందరిదీ అంటే ఎవరూ చూడరని దాని అర్థం. కానీ స్వచ్ఛంద పనుల్లో నేను చూసింది ఇంకొకటి. అందరిదీ అన్నది మెల్లగా ఒక్కరి నెత్తిన పడుతుంది. ఆ ఒక్కరూ అలిసిపోతారు. అక్కడే ప్రమాదం మొదలవుతుంది.

ఎంత ప్రమాదమో 2024లో ప్రపంచం చూసింది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించి చిన్నవి చేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. లినక్స్ నడిచే సర్వర్లలో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి ముఖ్యంగా ఒక్క మనిషే, తీరిక వేళల్లో చూసుకుంటూ వచ్చారు. 2022లో కొన్ని కొత్త పేర్లు ఆయన మీద పడ్డాయి. పని నెమ్మదిగా ఉందనీ, ఇంకెవరికైనా అప్పగించమనీ ఒకటే పోరు. తన ఆరోగ్యం బాగాలేదనీ, ఇది డబ్బు రాని పని అనీ ఆయన చెప్పుకున్నారు. అప్పటికే జియా టాన్ అనే పేరుతో ఒకరు చక్కగా సాయం చేస్తున్నారు. మెల్లగా ఆ చేతికే తాళాలు వెళ్ళాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో ఆ చెయ్యి ఒక దొంగదారి పెట్టింది. దాంతో ఎక్కడో కూచుని సర్వర్లలోకి చొరబడొచ్చు.

దాన్ని పట్టుకున్నది పోలీసులు కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వేరే ఏదో పరీక్ష చేసుకుంటుంటే లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానం వచ్చింది. తవ్వుకుంటూ పోయి, మార్చి 29న లోకానికి చెప్పాడు. అప్పటికి అది ఎక్కువగా ప్రయోగదశలో ఉన్న లినక్స్ వెర్షన్లకే చేరింది కాబట్టి సరిపోయింది. జియా టాన్ ఎవరో ఇప్పటికీ తేలలేదు. పోరుపెట్టిన ఆ పేర్లు కూడా దొంగపేర్లేనని చాలామంది అనుమానం.

ఈ కథ తలకెక్కించుకుని నేనొక తప్పు చేశాను. అనంతపురం నుంచి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు మా సాఫ్ట్‌వేర్‌కి ఆరు మంచి సవరణలు పంపాడు, ఇంకా చేస్తానన్నాడు. నేను రెండు నెలలు "చూద్దాం" అంటూ గడిపాను. ఎవరో ఏమిటో, తాళం ఎలా ఇస్తాం అని. చివరికి మాలో ఉన్న రెండో అతనే అన్నాడు: "అక్కా, అక్కడ తప్పు కొత్తవాణ్ణి రానివ్వడం కాదు. పాతవాడు ఒక్కడే మిగలడం."

నిజమే. నమ్మకం లేకుండా ఇలాంటివి నడవవు. కానీ నమ్మకం ఒక్కటే ఉన్నా నడవవు, పద్ధతి కావాలి. పెద్ద ప్రాజెక్టులు ఆ పద్ధతిని కిందామీదా పడి నేర్చుకున్నాయి. పైథాన్ భాషనే చూడండి. దాన్ని పుట్టించిన గైడో వాన్ రాసమ్‌దే ఏళ్ల తరబడి ఆఖరి మాట. 2018లో ఒక చిన్న గుర్తును భాషలో చేర్చాలా వద్దా అన్న గొడవతో విసిగిపోయి, ఇక నిర్ణయాలు నా వల్ల కాదని తప్పుకున్నారు. వారసుణ్ణి చెప్పలేదు. మిగిలినవాళ్లు నెలల తరబడి చర్చించి, ఓటు వేసి, ఐదుగురు సభ్యుల మండలి పెట్టుకున్నారు. అందులో ఒకే కంపెనీవాళ్లు ఇద్దరికి మించి ఉండకూడదని నియమం. డెబియన్ వాళ్లు ఏటా నాయకుణ్ణి ఎన్నుకుంటారు. అపాచీ ప్రాజెక్టుల్లో కనీసం ముగ్గురు సరేనంటే గానీ కొత్త వెర్షన్ బయటికి రాదు. ఎవరైనా కోడ్‌లో మార్పుకి అడ్డుపడితే సాంకేతిక కారణం చెప్పాలి, ఊరికే "వద్దు" అంటే చెల్లదు.

మాది ముగ్గురి సంసారం, మాకు ఎన్నికలెందుకు? ఒక కాగితం రాసుకున్నాం, అంతే. ఎవరు ఏ పని చూస్తారో అందులో ఉంది. ఒకరు రాసింది ఇంకొకరు చూడందే కలపకూడదు. విడుదల తాళం ఇద్దరి దగ్గర ఉండాలి. ఆరోగ్యం, పరీక్షలు, పెళ్ళిళ్లు, ఏదైనా సరే, "నెల రోజులు నేను లేను" అని ఒక్క ముక్క చెబితే చాలు, కారణం అడగం. ఇక తప్పుకుంటాననడం తప్పు కాదు, చెప్పకుండా మాయమవడమే తప్పు.

కుర్రాడికి సవరణలు పరిశీలించే పని ఇచ్చాం. తాళం ఇంకా ఇవ్వలేదు. ఎప్పుడిస్తామో, ఏం చూసి ఇస్తామో అతనికి చెప్పాం. ప్రెస్సాయనకి క్షమాపణ రాశాను. ఆయన పంపిన తప్పుల జాబితా ఇప్పుడు మాకు పరీక్షల జాబితా.

సెక్రటరీగారికీ వెళ్ళి సారీ చెప్పాను. "పర్లేదమ్మా" అని కాఫీ ఇప్పించి, ఈసారి మీటింగులో జాయింట్ సెక్రటరీగా నా పేరు రాయించేశారు. చెప్పులు వెతుక్కునే టైమ్ ఇవ్వలేదు. మోటారు గదికి ఇప్పుడు మూడు తాళంచెవులు: ఆయన దగ్గరొకటి, వాచ్‌మన్ దగ్గరొకటి, నా దగ్గరొకటి.

నిన్న పొద్దున్న ఐదున్నరకి ఫోన్ మోగింది. "మేడమ్, నాలుగో ఫ్లోర్‌కి నీళ్లు ఎక్కడం లేదు."