బందీ పిల్లికి విషపు ఆకు



“పిల్లికి తెలీదా భాయీ, ఏది తినాలో ఏది తినకూడదో?” ఇంట్లో మొక్కల సంగతి ఎత్తితే మన దగ్గర వచ్చే జవాబు ఇదే. ఇది బిల్కుల్ గలత్.

నానీ కాలంలో లాల్‌గడి మలక్‌పేట్ పిల్లి పొలం గట్ల మీద తిరిగేది, నచ్చిన గడ్డి కొరికేది. ఇప్పుడు కుక్కలకీ, బండ్లకీ భయపడి మనమే దాన్ని తలుపుల వెనక పెట్టాం. దానికి కనిపించే పచ్చదనం హాల్లోని కుండీ ఒక్కటే. దాన్ని కొరకడం ఎంపిక కాదు, మజ్బూరీ.

బుఖారీ, ముస్లింలలో ఉన్న హదీసు మన పిల్లలకీ తెలుసు. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. తిండి పెట్టలేదు, నేల మీద పురుగో పుట్రో తిననిద్దామంటే వదలనూ లేదు. అది చచ్చింది, ఆమెకు అజాబ్ పడింది. “మేం రోజూ తిండి పెడుతున్నాం కదా” అంటారా? నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా ఇవ్వను. నాకు అర్థమైంది ఇంతే: బంధించినవాడి మీదే పూర్తి జిమ్మేదారీ. పిల్లి మన చేతిలో అమానత్.

మన ఊరి చుట్టూ జీనోమ్ వ్యాలీ. అక్కడ ఒక టీకా బయటికి రావాలంటే ముందు దాని కీడు ఎంతో తేలాలి. మనం మాత్రం నర్సరీలో రంగు చూసి, రేటు అడిగి కుండీ ఇంటికి తెస్తాం!

బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీ అన్నిటికన్నా ఖతర్నాక్. ఆకు, రేకు, ఒంటికంటిన పుప్పొడి, చివరికి వాజులో నీళ్లు కూడా పిల్లి కిడ్నీలను పాడుచేస్తాయి. సైకస్ లివర్‌ని, గన్నేరు గుండెని దెబ్బతీస్తాయి. మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా, పీస్ లిల్లీ కొరికితే నోరు మండి చొంగ కారుతుంది. కలబంద, స్నేక్ ప్లాంట్ తింటే వాంతులు, విరేచనాలు.

“అవి గాలిని సాఫ్ చేస్తాయట!” ఆ మాటకు మూలం 1989లో నాసా మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగం. కిటికీలు, ఫ్యాన్లు ఉన్న మన హాలు అలాంటి పెట్టె కాదు. పైగా ఆ జాబితాలో పిల్లికి హాని చేయని స్పైడర్ ప్లాంట్ కూడా ఉంది. అదే తెచ్చుకోండి. అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్, గులాబీ, మల్లె కూడా పెట్టుకోవచ్చు. ఒక చిన్న కుండీలో గుప్పెడు గోధుమలు చల్లండి, ఆ మొలకలు పిల్లి కోసమే.

“పైన వేలాడదీశాం” అనకండి, అది ఎక్కేస్తుంది. విషపు మొక్క ఉంటే పిల్లి లేని ఇంటికి ఇచ్చేయండి. లిల్లీ కొరికిందని షక్ వచ్చినా సరే, లక్షణాల కోసం ఆగొద్దు. ఉప్పునీళ్లు పట్టొద్దు. ఆ ఆకు పట్టుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి పరిగెత్తండి. బేజుబాన్ జీవి నొప్పి చెప్పుకోలేదు.

అబూ ఖతాదా (రజి) వుజూ నీళ్ల దగ్గరికి పిల్లి వస్తే, అది తాగడానికి పాత్ర వంచారు. పిల్లి నజిస్ కాదనీ, మన మధ్య తిరిగే ప్రాణి అనీ ప్రవక్త (స) చెప్పిన మాట గుర్తుచేశారు. ఆయన పాత్ర వంచారు. మనం కుండీ మార్చలేమా?